కుంగిన నేలకు గాలిమర

నెదర్లాండ్స్ గాలిమర అనగానే సముద్రాన్ని వెనక్కి నెట్టి నేల సంపాదించిన జాతి కథే చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, మర ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో చూస్తే వేరే సంగతి తేలుతుంది. హాలండ్ రైతులు ముందు తమ నేలను తామే కుంగదీసుకున్నారు. మర ఆ తర్వాత వచ్చింది. ఆ తీరం వెనక వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లని నాచూ రెల్లూ పేరుకుని, స్పాంజిలా నీళ్లు పట్టుకున్న పీట్ నేలలు చాలాచోట్ల సముద్రమట్టానికి పైనే ఉండేవి. 11వ శతాబ్దం నాటికే వాటిలో కాలువలు తవ్వి, నీరు వదిలేసి, ధాన్యం పండించడం ఊపందుకుంది. నీరు పోయిన పీట్ కుదించుకుపోతుంది, గాలి తగిలినంత మేర కుళ్లి హరించుకుపోతుంది. నేల దిగిందని కాలువ లోతు చేశారు, లోతు చేశారని నేల ఇంకా దిగింది. వాలున పారిన నీరు చివరికి పోయే దారి లేక చేలోనే నిలిచింది. పంట పోయి పచ్చిక మిగిలింది. 15వ శతాబ్దం తొలి ఏళ్లలో అల్క్‌మార్ దగ్గర నీరు తోడే గాలిమర కనిపించడం వెనక ఉన్న అవసరం ఇదే.

మన ఏతం, గూడ నీటిని చేలోకి ఎత్తితే ఈ మర చేలోంచి బయటికి ఎత్తుతుంది. 1740 నాటికి కిండర్‌డైక్‌లో నిలిచిన మరలను చూడండి. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 28 మీటర్లు. చెక్క చట్రాల మీద గుడ్డ పరిచి, గాలి ఉధృతిని బట్టి దాన్ని చుట్టడమో విప్పడమో చేస్తారు. పై టోపీని వెనక ఉన్న దూలంతో తిప్పి రెక్కలను గాలికి ఎదురు పెడతారు. ఆ తిరుగుడు చెక్క పళ్ల చక్రాల మీదుగా నిట్టనిలువు ఇరుసుకీ, దాన్నుంచి కిందున్న పలకల చక్రానికీ చేరుతుంది. పలకలు నీటిని మీటరు, మీటరున్నర ఎత్తుకు తోస్తాయి. అంతకు మించి కావాలంటే ఒక మర ఎత్తినదాన్ని మరో మర అందుకోవాలి. ఇందులో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది చక్రం ముందున్న చిన్న తలుపు. చక్రం తోసే నీటికి అది తెరుచుకుంటుంది. గాలి ఆగితే బయటి ఎత్తైన నీరే దాన్ని మూసేస్తుంది, ఎవరూ పరుగెత్తక్కర్లేదు.

సరస్సులను ఎండగట్టింది గెలుపు కాదా అని అడగొచ్చు. గెలుపే. 1612లో 43 మరలతో బేమ్‌స్టర్ సరస్సును తోడి 7,000 హెక్టార్ల పైచిలుకు నేల తేల్చారు. అందులో పెట్టుబడి పెట్టిన డిర్క్ వాన్ ఓస్ వలందుల (డచ్చివారి) ఈస్టిండియా కంపెనీ స్థాపకుల్లో ఒకడు. మచిలీపట్నంలో మన అద్దకపు గుడ్డలు కొన్నది ఆ కంపెనీయే. కానీ ఆ సరస్సు అనాదిగా ఉన్నది కాదు. పీట్ తవ్వుకున్న చోట తుఫాను పోట్లు కోసి వెడల్పు చేసిన గుంట అది. గాలి నమ్మదగ్గది కాదన్న అభ్యంతరమూ ఉంది. కానీ అక్కడ నీరు ఎక్కువగా తోడాల్సింది శీతకాలపు వానలకు, గాలులూ అప్పుడే బలంగా వీస్తాయి. అయినా 1852లో హార్లెమ్ సరస్సును ఆవిరి యంత్రాలే ఎండగట్టాయి. ఇప్పుడు స్కిపోల్ విమానాశ్రయం ఉన్నది ఆ సరస్సు అడుగునే.

మర మారినా లెక్క మారలేదు. పంపు ఎంత బలమైనదైతే పీట్ అంత తొందరగా ఎండుతుంది. ఆ పచ్చిక నేలలు నేటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్లు దిగుతూనే ఉన్నాయి, అందుకే కొన్నిచోట్ల ఇప్పుడు కాలువల నీటిమట్టాన్ని మళ్లీ పైకి తెస్తున్నారు.