సెటిల్మెంట్ల చరిత్ర - మన సంఘముల బాధ్యత

శతాబ్ది ఉత్సవముల వేళ మిషనెరీలు కట్టించిన బడులను, ఆసుపత్రులను కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనుట మనకు పరిపాటి. వాటితోబాటు మిషనులు నడిపిన సెటిల్మెంట్లను గూర్చియు నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలంచుచున్నాము.

ఒకప్పుడు ఎరుకలవారు ఎద్దులమీద, గాడిదలమీద కోస్తా ఉప్పును మన సీమ గ్రామములకు తెచ్చి, ధాన్యమునకు మార్చుకొని పోయెడివారు. ప్రభుత్వపు ఉప్పు గుత్త, రైలు మార్గములు, 1876-78 నాటి ధాత కరువు వారి బ్రతుకుతెరువును దెబ్బతీసినవి. ఆదుకొనుటకు మారుగా ప్రభుత్వము వారిపై 'నేరస్థ జాతి' యను ముద్ర వేసినది. ఉత్తరాదిన 1871లో పుట్టిన ఈ చట్టము, 1911 చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది.

పేరు నమోదైనవారు వ్రేలిముద్రలు వేయవలెను, హాజరు చెప్పవలెను. సెటిల్మెంటులో ఉన్నవారు సెలవు చీటి లేనిదే పొలిమేర దాటరాదు. కర్నూలు జిల్లా సిద్ధాపురములో ఒక సెటిల్మెంటు ఉండెడిది. స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీ, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపినవి. అచ్చట బడి, వైద్యము, పని దొరికినమాట నిజమే. అయితే ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేయు అధికారమును ఆ చట్టము ప్రభుత్వమునకిచ్చినది. మేలు చేయు చేతిలోనే హాజరు పట్టీయు ఉండెను. చట్టపు బలవంతము వెనుకనున్నచోట ఎవరు మనసార మారిరో, ఎవరు భయముచే తలవంచిరో ఎట్లు తెలియును?

మద్రాసు ప్రభుత్వము 1947లోనే ఈ చట్టమును రద్దుచేసినది. 1949లో కేంద్ర ప్రభుత్వము అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగా విచారణ సంఘమును నియమించినది. తిరుచానూరులో జన్మించిన ఆయన మన సీమవారే. 1950లో నివేదిక వచ్చినది. 1952 ఆగస్టు 31న దేశమంతట చట్టము తొలగినది. ఈ విముక్త జాతుల స్థితిగతులపై రెంకే కమిషన్ 2008లో నివేదిక నిచ్చినది.

కెనడాలో ఆదివాసుల పిల్లలను ఇండ్లనుండి తీసికొనిపోయి ఉంచిన వసతి బడులను ఎక్కువగా సంఘములే నడిపినవి. ఆరువేలమందికి పైగా చెప్పిన సాక్ష్యము విని, అచ్చటి విచారణ కమిషన్ 2015లో తన పని ముగించినది. అంతకు ముందే, 1986లోను 1998లోను, యునైటెడ్ చర్చి క్షమాపణ చెప్పుకొన్నది.

ఆనాటి మిషనెరీలకు తీర్పు తీర్చుట మా ఉద్దేశము కాదు. అయితే వారు వ్రాసిన రిపోర్టులు మనకున్నవి. హాజరు చెప్పినవారి మాటలు మన పుస్తకములలో లేవు. మన గ్రామములలోని ఎరుకల కుటుంబములు తమ తాతముత్తాతలనుండి విన్నది ఇంకను చెప్పగలవు. పాస్టరేటు కమిటీలు వారి గుమ్మములకు పోయి, విని, వ్రాసి పెట్టవలెనని మా మనవి. ఆ పుటలు చేరినప్పుడే మన శతాబ్ది చరిత్ర సంపూర్ణమగును.