చట్టం ఎవరిది? తాళం ఎవరిది?

ఏ జైలు చరిత్ర రాయాలన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మనిషిని లోపలికి పంపిన చట్టం ఎవరిది? అతని గది తాళం ఎవరి చేతిలో ఉంది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం ఈ ప్రశ్నలకు ఒక్క తరంలోనే మూడు జవాబులు చూసింది.

1948 దాకా ఈ మూడు ఊళ్ళూ నైజాం నల్గొండ జిల్లాలోవి. కోదాడ పక్కనున్న మునగాల పరగణా మాత్రం, నైజాం ఇలాకా మధ్యలో ఉన్నా, మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందింది. భాష ఒకటే, వెట్టిబాధ ఒకటే. కాని పొలిమేరకు ఇవతల పట్టుబడిన రైతు నైజాం జైలుకు పోవాలి. అవతల పట్టుబడినవాడు 1894 నాటి బ్రిటిషు జైళ్ళ చట్టం నడిచే జైలుకు పోవాలి. 1959లో గాని మునగాల నల్గొండ జిల్లాలో కలవలేదు.

1948 సెప్టెంబరులో నైజాం లొంగిపోయాడు. సైనిక గవర్నరుగా జనరల్ చౌధురి వచ్చాడు. సాయుధ పోరాటంలో పట్టుబడినవారిని ప్రత్యేక ట్రిబ్యునళ్ళు విచారించాయి. నల్గొండ కేసులలోని మరణశిక్షలను 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఖాయపరచింది. ఖైదీలు సుప్రీంకోర్టుకెక్కారు; ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వారి పక్షాన వాదించాడు. ఆ తీర్పులు 1950 జనవరి 26కు ముందువనీ, అప్పటికి హైదరాబాదు న్యాయస్థానాలు భారత భూభాగంలోనివి కావనీ, కాబట్టి అప్పీలు వినే అధికారం తనకు లేదనీ సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీ సైన్యానికి అడ్డురాని సరిహద్దు ఢిల్లీ న్యాయానికి అడ్డువచ్చింది! దేశవిదేశాలలో ఆందోళన సాగింది. చివరకు ఆ మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి.

రాజ్యాంగం మూడవ జవాబు ఇచ్చింది. జైళ్ళు రాష్ట్ర జాబితాలో చేరాయి. నిర్బంధ చట్టం చేసే అధికారం మాత్రం పార్లమెంటుకూ దక్కింది. 1950లో పార్లమెంటు చేసిన ముందస్తు నిర్బంధ చట్టం కింద ఏ.కె. గోపాలన్‌ను నిర్బంధించిన ఉత్తరువు మద్రాసు ప్రభుత్వానిది, జైలూ దానిదే. ఆ ఏడే ఫిబ్రవరి 11న సేలం జైలు కాల్పులలో 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు నేలకొరిగారు.

అమెరికాలో ఫెడరల్ నేరానికి ఫెడరల్ జైలు ఉంది. 1891లో అందుకు చట్టం వచ్చింది, 1930లో ప్రత్యేక శాఖ ఏర్పడింది. అక్కడి ఖైదీ సుఖపడుతున్నాడని కాదు. తనను బంధించినదెవరో, కాపలా కాస్తున్నదెవరో అతనికి తెలుసు. మన దేశంలో కేంద్ర సంస్థ పట్టుకున్న ముద్దాయి కూడా సాధారణంగా రాష్ట్ర జైలులోనే ఉంటాడు. 2023లో కేంద్రం నమూనా జైళ్ళ చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. దాన్ని స్వీకరించడం, మానడం రాష్ట్రాల ఇష్టం.

అధికారాన్ని ఇద్దరు పంచుకున్నచోట బాధ్యతను ఒకరిమీదొకరు నెట్టుకోవడం పాలకులకు సులభం. తాళం మాదే, చట్టం మాది కాదని ఒకరంటారు. చట్టం మాదే, తాళం మాది కాదని ఇంకొకరంటారు. ఖైదీ హక్కు కోరే ప్రజాస్వామికవాదులు ఈ ఇద్దరినీ ఒక్క బోనులోనే నిలబెట్టి ప్రశ్నించాలి. నల్గొండ ఖైదీల అనుభవం మనకు నేర్పే పాఠం ఇదే.