గోదావరిని దాటిన రైలు

రైలుబండి చరిత్రలో తొలి ప్రయాణముల దినములను లోకము స్మరించుచున్నది. ఇంగ్లండులో 1825 సెప్టెంబరు 27న స్టాక్టన్, డార్లింగ్టన్ పట్టణముల నడుమ స్టీవెన్సన్ ఆవిరియంత్రము బండ్లను లాగినది. మన దేశమున 1853 ఏప్రిలు 16న బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణా వరకు, 21 మైళ్ల దూరము, మొదటి ప్రయాణికుల రైలు నడచినది. 1856 జూలై 1న మద్రాసులోని రాయపురము నుండి వాలాజా వరకు దక్షిణదేశమున తొలి ప్రయాణికుల దారి తెరువబడినది.

అంతకు పూర్వమే ఆంధ్రదేశము ఇనుప పట్టాలను చూచినది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలైనది. కొండరాళ్లను ఏటికి చేర్చుటకు పట్టాలు పరచి బండ్లు నడపిరి. ఆ బండ్లపై సాగినవి మనుష్యులు కాదు, రాళ్లు. 1852లో ఆనకట్ట పూర్తికాగా డెల్టా పొలములకు కాలువనీరు అందినది. పండిన ధాన్యమునకు ఆ కాలువలలోని పడవలే ముఖ్యమైన దారి అయినవి.

1893 నుండి తూర్పుతీరపు రైలుదారి భాగములుగా తెరువబడినది. ఐనను గోదావరి యొద్ద అది తెగియుండెను. ఇవతల కొవ్వూరు, అవతల రాజమహేంద్రవరము. నడుమ దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు నది. ప్రయాణికులు మూటాముల్లెతో బండి దిగి, నదిని దాటి, ఆవలి ఒడ్డున వేరొక బండి నెక్కవలసివచ్చెడిది.

ఈ తెగిన దారిని కలుపుటకు 1897లో వాల్టన్ అను ఇంజనీరు పర్యవేక్షణమున వంతెనపని ఆరంభమైనది. నది అడుగున ఇసుక; వరద వచ్చినచో ఆ ఇసుక కోసికొనిపోవును. అందుచే నదిలో బావులు కట్టి, వాని లోపలి ఇసుకను తోడివేయుచు, తమ బరువుతోనే అవి క్రిందికి దిగునట్లు చేసిరి. తగిన లోతునకు చేరిన పిమ్మట వానిపై రాతిస్తంభములను లేపిరి. ఒక్కొక్కటి 150 అడుగుల పొడవున 56 అంకణములతో వంతెన పూర్తియై, 1900 ఆగస్టులో రైళ్ల రాకపోకలకు తెరువబడినది. నాటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు దానికి పెట్టబడినది.

1974లో రైలుకును రోడ్డుకును కలిపి మరొక వంతెన ఏర్పడినది. 1997లో పాత వంతెనకు విశ్రాంతి లభించినది.

గవర్నరు పేరు వంతెనకు దక్కినది. ఇంజనీరు పేరు గ్రంథముల కెక్కినది. నదిలో ఇసుక తోడిన కూలీల పేర్లు మాత్రము ఈ చరిత్ర చెప్పదు. తొంబదియేడేండ్లు రైళ్ల బరువును మోసినవి వారు దింపిన బావులే.