అణుభయపు నీడలో బెంగుళూరు బాల్యం

ఒక విద్యాలయ చరిత్ర అనగానే భవనాలు, పరీక్షా ఫలితాలు, బహుమతులు, ఉపాధ్యాయుల సేవలు జ్ఞప్తికి వస్తాయి. అవన్నీ రికార్డులలో భద్రంగా ఉంటాయి. ఏ రిజిస్టరులోనూ నమోదు కానిది మరొకటి ఉన్నది. అది ఆయా తరాల పిల్లలు బల్లలపై కూర్చొని పాఠం వింటూనే మనసులో దాచుకొన్న భయం. 75 సంవత్సరాలు నిండిన ఈ పాఠశాలకూ, అణ్వస్త్ర పోటీకీ వయసులో అంతరం స్వల్పమే. అంతవరకు అమెరికా ఒక్కదాని చేతిలో ఉన్న అణుబాంబును 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ కూడా పరీక్షించింది. ఒకరినొకరు భస్మం చేయగల రెండు కూటములుగా ప్రపంచం చీలిపోయిన ఆ కాలంలోనే, ఇక్కడ తెలుగు ఓనమాలు దిద్దిన తొలి తరం పిల్లలు పలకలు చేతబట్టారు.

1950లలో అమెరికా బడులలో పిల్లల చేత ఒక విచిత్రమైన అభ్యాసం చేయించేవారు. ఉపాధ్యాయుడు హెచ్చరించగానే బల్ల కిందికి దూరి, చేతులతో మెడను, తలను కప్పుకోవాలి. బెంగుళూరు బాలలకు అటువంటి శిక్షణ లేదు. వారికి ఆ భయం రేడియో వార్తల ద్వారాను, పెద్దల సంభాషణల ద్వారాను చేరింది. అడిగితే 'నీకెందుకు, చదువుకో' అన్నదే సాధారణంగా లభించే సమాధానం. అర్థం తెలియని భయం తెలిసిన భయం కన్నా పెద్దదిగా కనిపించడం బాల్య స్వభావం.

ఆకాశం నుండి మృత్యువు దిగిరాగలదన్న సంగతి తెలుగువారికి అంతకు ముందే అనుభవంలోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బెంగుళూరు నగరం కూడా యుద్ధానికి దూరంగా లేదు. 1940 డిసెంబరులో ఇక్కడ హిందుస్థాన్ విమాన కర్మాగారం వెలసింది. యుద్ధం వల్ల ఇంగ్లండుకు తిరిగి వెళ్లలేకపోయిన హోమీ భాభా ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధన సాగించారు. ఆయన స్థాపించిన టాటా మౌలిక పరిశోధనా సంస్థ 1945 జూన్‌లో ఈ ఊరిలోనే ప్రారంభమై, ఆ ఏడాదే బొంబాయికి తరలింది. భారత అణు విజ్ఞానానికి బీజం పడిన చోట్లలో బెంగుళూరు ఒకటి. ఆ సంస్థ పుట్టిన రెండు నెలలకే, ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి దగ్ధమయ్యాయి. అగ్ని వ్యాపించకుండా ఇళ్లు కూల్చి ఖాళీ చేసే పనికి ఆ ఉదయం హిరోషిమా వీధులలోకి వచ్చిన బడిపిల్లలు వేల సంఖ్యలో మరణించారు.

ఆ యుద్ధ శిథిలాల నడుమ నుండి పిల్లల చేతివ్రాతతో ఒక కోరిక భారతదేశానికి వచ్చింది. వైమానిక దాడులలో మృగాలు తప్పించుకొని జనం మీద పడవచ్చునన్న శంకతో 1943లో టోక్యోలోని ఉయెనో జంతుప్రదర్శనశాలలో అనేక జంతువులను చంపివేశారు. అక్కడి మూడు ఏనుగులు తిండి లేక మరణించాయి. యుద్ధానంతరం టోక్యో పిల్లలు తమకు ఒక ఏనుగు కావాలని నెహ్రూకు లేఖలు వ్రాశారు. ఆయన తన కుమార్తె పేరైన 'ఇందిర' అనే ఏనుగును పంపారు. ఇది తన కానుక కాదని, భారతదేశపు పిల్లలు జపాను పిల్లలకు ఇస్తున్న కానుక అని తెలియజేశారు. ఆ ఏనుగు మైసూరు సీమది. దానికి తెలిసిన భాష కన్నడం. 1949 సెప్టెంబరులో అది టోక్యో చేరినప్పుడు, అక్కడి సంరక్షకులు మన మావటీల వద్ద కన్నడ మాటలు నేర్చుకొని దానిని పిలువవలసి వచ్చింది. 1983 వరకు జీవించిన ఆ ఏనుగును రెండు తరాల జపాను బాలలు చూచి ఆనందించారు.

పిల్లల ఉత్తరాలు ఏనుగును తేగలిగాయి గాని ఆయుధాల పోటీని ఆపలేకపోయాయి. 1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు శక్తి హిరోషిమా బాంబుకు ఇంచుమించు వేయి రెట్లు. దాని బూడిద దూరాన చేపలు పడుతున్న జపాను జాలరుల పడవపై కురిసింది. తరువాతి నెల 2వ తేదీన నెహ్రూ పార్లమెంటులో మాట్లాడుతూ, ఇటువంటి పరీక్షలను నిలిపివేయాలని ప్రపంచ దేశాలను కోరారు. యుద్ధమే రాకపోయినా, కేవలం పరీక్ష వల్లనే గాలిలో విషం కలుస్తుందన్న సంగతి అప్పుడు సామాన్య ప్రజలకు తెలియవచ్చింది.

1962 అక్టోబరు మాసాన్ని ఆనాటి పిల్లలు మరువలేరు. 20వ తేదీన చైనా సేనలు మన సరిహద్దులపై విరుచుకుపడ్డాయి. 22న క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉన్నాయని కెనెడీ ప్రకటించారు. 28న ఆ క్షిపణులను తొలగించడానికి కృశ్చేవ్ అంగీకరించే వరకు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. హిమాలయాలలోని తుపాకీ యుద్ధమూ, సముద్రాల అవతలి అణు సంక్షోభమూ ఒకే వారంలో ఒకే రేడియోలో వినిపించాయి. పసి మనసులకు ఆ రెండింటికీ భేదం తెలిసేది కాదు. స్త్రీలు గాజులు, గొలుసులు రక్షణ నిధికి ఇచ్చారు. పిల్లలు తాము దాచుకొన్న చిల్లర డబ్బులు ఇచ్చారు. భయానికి అది కొంత ఉపశమనం. చేతులకు పని దొరికినప్పుడు గుండె కుదుటపడుతుంది. రెండేళ్లకే, 1964 అక్టోబరు 16న చైనా కూడా అణుబాంబు పేల్చింది.

ఈ చరిత్రలో బెంగుళూరు తెలుగువారికి అత్యంత సన్నిహితమైన ఘట్టం ఒకటున్నది. 1963 ఆగస్టులో మాస్కోలో కుదిరిన ఒప్పందం గాలిలోను, నీటిలోను, అంతరిక్షంలోను అణుపరీక్షలను నిషేధించింది. భారతదేశం ఆ నెలలోనే సంతకం చేసింది. భూగర్భంలో జరిపే పరీక్షలకు మాత్రం ఆ నిషేధం వర్తించలేదు. భూమి లోపల జరిగే విస్ఫోటనాన్ని దూరం నుండి గుర్తించడం ఎట్లా? అందుకు బ్రిటన్ సహకారంతో మన అణుశక్తి శాఖ 1965లో గౌరిబిదనూరు వద్ద భూకంప లేఖన కేంద్రాన్ని నెలకొల్పింది. బెంగుళూరుకు ఉత్తరాన, హిందూపురానికి చేరువలో, తెలుగు కన్నడాలు రెండూ వినిపించే పల్లెల నడుమ ఆంగ్లాక్షరం 'ఎల్' ఆకారంలో 20 భూకంపమాపకాలను అమర్చారు. అక్కడి ప్రాచీనమైన గట్టిరాయి స్వల్ప ప్రకంపనను కూడా స్పష్టంగా అందిస్తుంది.

ఆ కేంద్రం పనిచేసే తీరు పిల్లలకు కూడా అర్థమయ్యేదే. భూకంపంలో రాతిపొరలు ఒకదానిపై మరొకటి జారుతాయి. కనుక తొలి కదలిక కొన్ని దిక్కులకు తోపుగాను, మరికొన్ని దిక్కులకు లాగుడుగాను చేరుతుంది. బాంబు పేలినప్పుడు భూమి అన్ని దిక్కులకూ తోపుడుకు లోనవుతుంది. ఒక్కొక్క మాపకానికి తరంగం చేరే సమయంలో కొద్దిపాటి తేడా ఉంటుంది. ఆ తేడాలను లెక్కగట్టి, 20 మాపకాల నమోదులను జతచేస్తే గాలి, బండ్లు పుట్టించే అలజడి తగ్గిపోయి, అసలు తరంగం ఏ దిక్కు నుండి వచ్చిందో తెలుస్తుంది. చైనాలోని లాప్‌నార్ ఎడారిలో భూగర్భ విస్ఫోటనం జరిగితే దాని ప్రకంపన కొద్ది నిమిషాలలో ఇక్కడికి చేరుతుంది.

వేసవి సెలవులకు బెంగుళూరు నుండి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు స్వగ్రామాలకు వెళ్లే తెలుగు కుటుంబాల రైలు గౌరిబిదనూరు మీదుగానే సాగుతుంది. రాగి చేలను, వేరుశనగ పొలాలను కిటికీలోంచి చూస్తూ పోయిన పిల్లలలో ఎందరికి ఆ సంగతి తెలుసును? తాము ఎవరికీ చెప్పుకోలేని భయానికి కారణమైన ఆ పేలుళ్లను, అమ్మమ్మ ఊరి దారిలోని ఆ నేల అహోరాత్రులు ఆలకిస్తూనే ఉన్నదని వారికి చెప్పినవారు అరుదు. చెప్పి ఉంటే, రహస్యంగా పేల్చిన బాంబు కూడా దాగదన్న ధైర్యం వారికి కొంత కలిగి ఉండేది.

1965 సెప్టెంబరు, 1971 డిసెంబరు యుద్ధాల నాటి కిటికీల నల్లకాగితాలు, వాహనదీపాలపై సగం వరకు పూసిన నల్లరంగు ఆ తరాల జ్ఞాపకాలలో నిలిచిపోయాయి. 1974 మే 18న పోఖ్రాన్‌లో భారతదేశం తొలి అణు విస్ఫోటనం జరిపింది. ఆ బృందానికి నాయకత్వం వహించిన రాజా రామన్న తుమకూరులో పుట్టి బెంగుళూరులో చదువుకొన్నవారు. 1998 మే 11, 13 తేదీలలో పోఖ్రాన్ మళ్లీ కంపించింది. వేసవి సెలవులలో ఉన్న పిల్లలు పెద్దలు మిఠాయిలు పంచుకోవడం చూశారు. అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాన్ తన పరీక్షలు జరిపింది. గర్వమూ భయమూ ఒకే నెలలో ఒకే ఇంటికి అతిథులై వచ్చాయి. మొదటిదాన్ని గూర్చి పిల్లలతో మాట్లాడినంతగా రెండవదాన్ని గూర్చి పెద్దలు మాట్లాడలేదు.

1980ల నడుమ ప్రపంచంలో అణ్వస్త్రాలు 70 వేలకు చేరువయ్యాయి. నేడు సుమారు 12 వేలు ఉన్నాయి. తగ్గుదల గొప్పదే. మిగిలినవి కూడా మానవజాతికి ముప్పు తేవడానికి చాలును. 2024లో నోబెల్ శాంతి బహుమతి జపానులోని అణుబాంబు బాధితుల సంఘం 'నిహోన్ హిదాంక్యో'కు లభించింది. ఆ నాటికి జీవించి ఉన్న బాధితులలో చాలామంది 1945లో చిన్నపిల్లలే. వారు చేసిన పని ఒక్కటే. చూచినదాన్ని దాచక చెప్పారు. దశాబ్దాలపాటు చెబుతూనే ఉన్నారు.

ఇందులో పాఠశాలలకు ఒక బోధ ఉన్నది. భయాన్ని పిల్లల దరి చేరనీయకుండా ఆపడం ఏ తల్లిదండ్రులకూ, ఏ ఉపాధ్యాయులకూ సాధ్యం కాదు. దానికి ఒక పేరు పెట్టి, దాని కొలత ఎంతో చెప్పి, తమ వంతుగా చేయదగిన పనిని చూపడం మాత్రం సాధ్యమే. టోక్యో పిల్లలు ఉత్తరం వ్రాశారు. గౌరిబిదనూరు శాస్త్రజ్ఞులు భూమికి చెవి ఒగ్గారు. హిరోషిమా, నాగసాకి బాధితులు నోరు విప్పారు. వ్రాయడం, ఆలకించడం, నిజం పలకడం బడిలో నేర్పే విద్యలే.

ఈ పాఠశాల పూర్వ విద్యార్థులలో 1962 నాటి రేడియో వార్తలను, 1971 నాటి చీకటి రాత్రులను, 1998 నాటి వేసవిని గుర్తుంచుకొన్నవారు నేటికీ మన మధ్య ఉన్నారు. వారు ఒక సాయంకాలం తమ మనుమలను దగ్గర కూర్చోబెట్టుకొని ఆనాటి భయాన్ని, దాన్ని దాటిన విధాన్ని చెప్పగలిగితే, ఏ రిజిస్టరుకూ ఎక్కని ఈ చరిత్ర మరొక తరానికి అందుతుంది. ప్లాటినం జూబిలీ సందర్భంగా ఈ విద్యాలయం బాలబాలికలకు పెద్దలు ఇవ్వగల విలువైన కానుకలలో అదొకటి.