బరువు బంతి, ఎదుట జోడీ

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో రోములో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు గాలెన్, చిన్న బంతితో చేసే కసరత్తు మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, పేదవాడికీ అందుబాటులో ఉంటుంది, ఒళ్లంతా కదులుతుంది అని ఆయన వాదన. ఆటగాళ్లు ఎదురెదురుగా నిలిచి ఒకరినొకరు అడ్డుకుంటూ ఆడితే అది గట్టి వ్యాయామమన్నాడు. 1569లో ఇటలీ వైద్యుడు మెర్కురియాలే వ్యాయామంపై ప్రచురించిన గ్రంథం ఇలాంటి ప్రాచీన వైద్యుల మాటలను ఐరోపాకు మళ్లీ వినిపించింది.

పందొమ్మిదో శతాబ్దం చివర బోస్టన్ వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలలో రాబర్ట్ జె. రాబర్ట్స్ సర్కస్ తరహా విన్యాసాలను పక్కనబెట్టి, మామూలు మనుషులు నిర్భయంగా చేయగల కసరత్తులు నేర్పాడు. బరువైన మెడిసిన్ బాల్‌ను ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. బాక్సర్లు దాన్ని మరో పనికి వాడుకున్నారు. ఒకరు వెల్లకిలా పడుకుంటే జోడీ అతని పొట్ట మీద బంతి వదిలేవాడు. దెబ్బ తగిలే క్షణానికి పొట్ట బిగించడం అలా అలవాటయ్యేది.

ఈ బంతికి ఎక్కువ పేరొచ్చింది శ్వేతసౌధంలో. 1928 చివర ‘యూటా’ యుద్ధనౌకలో దక్షిణ అమెరికా నుంచి తిరిగివస్తూ, అధ్యక్షుడిగా ఎన్నికైన హెర్బర్ట్ హూవర్ ఈ బంతితో ఆడే ఒక ఆట చూసి ముచ్చటపడ్డాడు. ఆయన వైద్యుడు జోయెల్ బూన్ దానికి కొత్త నియమాలు కట్టాడు. బంతి బరువు 6 పౌండ్లు, అంటే దాదాపు 2.7 కిలోలు. వల ఎత్తు 8 అడుగులు. పాయింట్ల లెక్క టెన్నిస్‌దే. బంతి పట్టుకున్నవాడు దాంతో పరుగెత్తకూడదు, పట్టినచోటి నుంచే విసరాలి. 1929 నుంచి 1933 దాకా ఆదివారాలు తప్ప రోజూ ఉదయం ఏడింటికి హూవర్ తన సహచరులతో ఆడేవాడు. ఆ ఆటకు హూవర్ బాల్ అనే పేరు స్థిరపడింది.

ముందే పొట్ట బిగించడంలోని మేలుకు శాస్త్రీయ వివరణ తర్వాతెప్పుడో వచ్చింది. 1996లో ఆస్ట్రేలియాలో పాల్ హోడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ చేసిన పరిశోధనలో, ఆరోగ్యవంతుల్లో చెయ్యి కదలకముందే పొట్ట లోపలి అడ్డకండరం బిగుసుకుంటోందని తేలింది. నడుం నొప్పి ఉన్నవారిలో ఆ బిగింపు ఆలస్యమవుతోంది. వెన్నెముకను కదలకుండా నిలపడమే నడుము, పొట్ట చుట్టూ ఉండే కోర్ కండరాల అసలు పని అని కెనడా శాస్త్రవేత్త స్టూవర్ట్ మెక్‌గిల్ నొక్కిచెప్పాడు.

జోడీ అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఎదుటివాడు విసిరిన బంతి ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే ఎత్తులో రాదు. దాన్ని పట్టి ఆపేటప్పుడు నడుము, పొట్ట, పిరుదుల కండరాలు ఒక్కటిగా బిగుసుకోవాలి. వీపు ఆన్చి కూర్చునే జిమ్ యంత్రం ఈ పని నేర్పదు.

రెండు కిలోల బంతితో, రెండు మీటర్ల దూరంలో మొదలుపెట్టండి. ఛాతీ ఎత్తులో విసురుకోవడం కుదిరాకే పక్కలకు తిరిగి విసరండి. నడుం నొప్పి ఉంటే ముందు వైద్యుణ్ని అడగండి. ఇంట్లోనో, వీధిలోనో ఒక జోడీని వెతుక్కోండి; ఈ కసరత్తుకు బంతి ఎంత అవసరమో, ఆ మనిషీ అంతే అవసరం.