పుట్టినచోటే పరాయితనం: స్టైన్‌బెక్ నవలలోని క్రూక్స్, ఇల్లందు కోయలు

ఉపోద్ఘాతం

జాన్ స్టైన్‌బెక్ 1937లో వెలువరించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవల కాలిఫోర్నియాలో సొలెడాడ్ అనే ఊరి దగ్గర మొదలవుతుంది. స్పానిష్ భాషలో ఆ మాటకు ఏకాంతం, ఒంటరితనం అని అర్థం. ఈ సంగతిని విమర్శకులు తరచుగా ప్రస్తావిస్తారు. ఆ పేరు వెనుక ఉన్న కథ కూడా గమనించదగినదే. 18వ శతాబ్దంలో ఆ లోయకు వచ్చిన స్పానిష్ మతగురువులు ఒక ఆదివాసిని పలకరించగా, అతడు చెప్పిన మాట వారి చెవికి ‘సొలెడాడ్’ అని వినిపించిందనీ, 1791లో అక్కడ నెలకొల్పిన మిషన్‌కు ఆ పేరే నిలిచిందనీ ఒక కథనం ఉంది. ఆదివాసి పలికిన మాట పోయింది. పరాయివాడు విన్న మాట మిగిలింది. నవలలో ఆ లోయ మూలవాసులు ఒక్కరైనా కనిపించరు.

ఈ నవలలోని ఒంటరితనాన్ని సాధారణంగా ఆర్థికమాంద్యం నాటి వలసకూలీల ఒంటరితనంగానే చదువుతారు. ఆ పఠనం సరైనదే గాని అసంపూర్ణం. వచ్చినవాడి ఒంటరితనం ఒకటి, ముందునుంచీ ఉన్నవాడి వెలి మరొకటి. ఇల్లందు బొగ్గుక్షేత్ర చరిత్రను పక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టపడుతుంది.

గుర్రాలశాలలో ఒక గది

నవలలో క్రూక్స్ నల్లజాతివాడు. గుర్రం తన్నగా అతని వెన్ను వంగిపోయింది. మిగతా కూలీలందరూ ఒకే కొట్టంలో పడుకుంటే, అతడు మాత్రం జీనులు, కళ్ళేలు వేలాడే చిన్న గదిలో ఒక్కడే ఉంటాడు. ఆరుబయట గుర్రపునాడాలు విసిరే ఆటలో అతనికి ప్రవేశం ఉంది, పైగా అందులో అతడు దిట్ట. రాత్రి కొట్టంలో పేకాటకు మాత్రం రానివ్వరు. పనిలోనూ వీధిలోనూ కలుపుకొని, గడప దగ్గర ఆపివేసే ఈ పద్ధతి తెలుగు పాఠకుడికి కొత్తగా నేర్పవలసినది కాదు.

రెండు వివరాలు ఈ పాత్రకు కీలకం. మొదటిది, క్రూక్స్ తాను దక్షిణాది నుంచి వచ్చినవాడిని కాననీ, కాలిఫోర్నియాలోనే పుట్టాననీ చెప్పుకోవడం. అతని తండ్రికి పదెకరాల కోళ్ళపెంపకపు క్షేత్రం ఉండేది. జార్జ్, లెన్నీ నెల తిరగకముందే మూటలు సర్దుకునే మనుషులు. క్రూక్స్ స్థిరంగా ఉండేవాడు, అందుకే అతని గదిలో వస్తువులు ఎక్కువ. అందరికన్నా ఆ నేలకు దగ్గరివాడే అందరికన్నా దూరంగా ఉంచబడ్డాడు. రెండవది, అతని అలమరలో నలిగిపోయిన 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ ప్రతి. చట్టం అతని చేతికందే దూరంలోనే ఉంది. అయినా యజమాని కోడలు, తాను ఒక్కమాట చెబితే చెట్టుకు ఉరి తీయిస్తారని బెదిరించగానే క్రూక్స్ తన గదిలోనే లేనివాడిలా ముడుచుకుపోతాడు. అంతకుముందు క్షణమే లెన్నీ వాళ్ళ పొలంలో తనకూ చోటు కావాలని అడిగినవాడు, ఆ కోరికను వెంటనే వెనక్కి తీసుకుంటాడు.

బెదిరించిన ఆ స్త్రీకి నవలలో సొంత పేరైనా లేదు. ఆమెదీ ఒంటరితనమే. ఒంటరివాళ్ళు ఒకరికొకరు ఆసరా అవుతారన్న భ్రమను స్టైన్‌బెక్ పెట్టుకోలేదు.

బొగ్గుట్ట

ఇల్లందును చుట్టుపక్కల జనం నేటికీ ‘బొగ్గుట్ట’ అంటారు. భద్రాచలం వెళ్ళే యాత్రికులు అడవిలో పొయ్యిరాళ్ళుగా పెట్టుకున్న నల్లరాళ్ళు నిప్పంటుకుని కాలాయని జనశ్రుతి. భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇక్కడ బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలైంది. ఆ దశాబ్దం చివరికి నిజాం రైలుమార్గం వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడకు చేరింది, డోర్నకల్ నుంచి ఒక పాయ బొగ్గు కోసం అడవిలోకి చీలింది. పక్క గ్రామమైన సింగరేణి పేరు 1920లో కంపెనీ పేరుగా మారి గోదావరిలోయ అంతటా వ్యాపించింది.

ఈ కాలక్రమం ఎన్నో పుస్తకాలలో ఉంది. ఇందులో యాత్రికుడున్నాడు, భూగర్భశాస్త్రజ్ఞుడున్నాడు, కంపెనీ ఉంది. ఆ నల్లరాళ్ళ మీదుగా తరతరాలుగా నడిచిన కోయవాడు మాత్రం లేడు. ‘కనుగొనడం’ అనే మాట ఇలాంటిచోట చేసే పనిని చరిత్రకారులు ఇంకా నిశితంగా పరిశీలించవలసి ఉంది.

గనులలోకి ఉత్తరాది నుంచీ వివిధ తెలుగు జిల్లాల నుంచీ కూలీలు వచ్చారు. వారి జీవితం జార్జ్, లెన్నీల జీవితానికి దగ్గరిది: ఊరు విడిచి, లైన్లలో తలదాచుకుని, ఎప్పటికైనా సొంతూళ్ళో కాస్త భూమి కొనాలనే కల. యంత్రంలో చెయ్యి పోగొట్టుకుని ఊడ్పు పనికి దిగిన కాండీ పాత్రను గనికార్మికుడు పరిచయం లేకుండానే గుర్తుపడతాడు. అయితే ఈ కూలీలకు కాలక్రమంలో ఒక సమూహం ఏర్పడింది. బస్తీలు, పండుగలు, యూనియన్లు వచ్చాయి. స్టైన్‌బెక్ కూలీలకు దొరకని తోడు వీరికి దొరికింది.

కోయల దారి వేరు. గనికూలీల్లో అధికులు బయటివారే కాగా, కోయలకు మిగిలినవి అడవి నరుకుడు, వెట్టి. అడవులు రిజర్వు కావడంతో పోడు నేరమైంది. రైలు, బొగ్గు వెంట వ్యాపారులూ వడ్డీదారులూ సాగుదారులూ వచ్చారు, మైదానపు భూములు చేతులు మారాయి. 1940లలో నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆదివాసుల భూనష్టాన్నీ వెట్టినీ నమోదు చేశాడు. అంగడిలో కోయవాడి చింతపండు, ఇప్పపువ్వు, వెదురు అందరికీ కావాలి. సరుకు చెల్లుతుంది, మనిషి చెల్లడు. నాడాల ఆటకు పిలిచి పేకాటకు రానివ్వని తర్కమే ఇది.

పోలిక ఇక్కడితో ఆగాలి. క్రూక్స్ ఒంటరితనం వ్యక్తిది. మాట్లాడటానికి తోడులేక పుస్తకాలు చదువుకుంటాడు. కోయగూడెంలో మనిషి ఒంటరి కాడు. అతనికి గట్టు ఉంది, ఇలవేల్పు ఉంది, పడిగె పట్టుకుని వంశచరిత్ర పాడే డోలి కళాకారుడున్నాడు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ గానానికే. తనను తాను ‘కోయితోర్’ అని పిలుచుకునే ఈ సమాజం లోపల ఏకాకితనం లేదు. అది తాలూకా కచేరీ మెట్ల దగ్గర, కోర్టు వసారాలో, తన భాష రాని గుమాస్తా ముందు మొదలవుతుంది. వెలి సమూహానికి పడుతుంది, ఒంటరితనం ఆ గడప దగ్గర నిలబడిన ఒక్క మనిషికి తగులుతుంది. అమెరికన్ నవలాపరిభాషను ఆదివాసీ చరిత్రకు యథాతథంగా అన్వయించే పరిశోధనలు ఈ భేదాన్ని దాటవేస్తే ‘అమాయక అడవిబిడ్డ’ అనే పాతమూసలోనే చేరతాయి.

చట్టం పుస్తకం

క్రూక్స్ అలమరలోని సివిల్ కోడ్‌కు ఇల్లందులో సమానమైనవి చాలా ఉన్నాయి. ఫసలీ 1356 (1946)లో హైదరాబాద్ రాజ్యం ఆదివాసీ ప్రాంతాల నిబంధన తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970లో వచ్చిన సవరణ, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచినది, మరింత గట్టిది: ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదేనని భావించాలి. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రైవేటు గనులకు లీజులివ్వరాదని చెప్పింది. ప్రభుత్వరంగ సంస్థకు ఆ అడ్డంకి లేదు. ఇల్లందు ఏరియాలో ఒక ఉపరితల గని పేరు కోయగూడెం.

2006 అటవీహక్కుల చట్టం మరొక గడపను నిర్మించింది. 2005 డిసెంబరు 13 నాటికి అడవిభూమి సాగులో ఉన్నవారికే హక్కు. ఆ సంవత్సరం జూన్‌లోనే ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. దాని మంటలకు తాళలేక ఆ తర్వాతి ఏళ్ళలో సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవులకు వచ్చిన గుత్తికోయలు ఆ తేదీకి అవతల పడ్డారు. పుట్టిన రాష్ట్రంలో షెడ్యూలు తెగగా ఉన్నవారికి తెలంగాణలో ఆ ధ్రువపత్రం దొరకడం కష్టమైంది. స్థానిక కోయలకు వారు భాషలో చుట్టాలు, పోడులో పోటీదారులు.

2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. విధినిర్వహణలో ఉన్న ఉద్యోగి ప్రాణం పోవడం ఏ విధంగానూ సమర్థించలేనిది. నేరారోపణ ఇద్దరి మీద. ఆ తర్వాత స్థానిక గ్రామపంచాయతీ గూడెంలోని గుత్తికోయలందరినీ వెళ్ళగొట్టాలని తీర్మానించింది. క్రూక్స్‌ను బెదిరించిన స్త్రీకి ఏ తీర్మానమూ అక్కరలేకపోయింది. ఇక్కడ అది కాగితం మీదికి వచ్చింది, గూడెంలోని పిల్లలకు సైతం వర్తించేలా.