గాలీ గొర్రెలూ చెక్కిన మైదానం

గోల్ఫ్ మైదానానికి మొదట్లో రూపకర్త అంటూ ఎవరూ లేరు. స్కాట్లాండు తూర్పు తీరంలో సముద్రానికీ సాగు భూములకూ నడుమ ఇసుక దిబ్బల పట్టీ ఉంటుంది. ఉప్పుగాలికి అక్కడ పంట పండదు, చెట్టు నిలవదు. పొట్టి గడ్డి మాత్రం దట్టంగా అల్లుకుంటుంది. గొర్రెలూ కుందేళ్లూ దాన్ని నున్నగా మేసేవి. చలిగాలి తప్పించుకోవడానికి గొర్రెలు దిబ్బల చాటున ఒదిగి పడుకున్నచోట గడ్డి అరిగి ఇసుక తేలేది, గాలి ఆ ఇసుకను తోడి గుంట చేసేది. ఇప్పుడు లక్షలు పోసి తవ్విస్తున్న బంకర్లు ఆ గుంటలను చూసి నేర్చుకున్నవే. ఈ తీరపు భూములను లింక్స్ అంటారు.

ఇక్కడి జనం కర్రతో బంతిని కొట్టి గుంటలో వేసే ఆట ఎంతగా మరిగారంటే, విలువిద్య సాధన దెబ్బతింటోందని 1457లో స్కాట్లాండు పార్లమెంటు గోల్ఫ్‌ను, దానితోపాటు ఫుట్‌బాల్‌ను నిషేధించింది. నిషేధం పోయింది, ఆట నిలిచింది. 1744లో ఎడింబరో పక్కనున్న లీత్‌లో ఆటకు 13 నియమాలు రాశారు. హోల్స్, అంటే బంతిని ఒక్కో గుంట దాకా నడిపే ఆట దారులు, ఎన్ని ఉండాలన్నది మాత్రం చాలాకాలం ఊరికో లెక్క. సెయింట్ ఆండ్రూస్‌లో 22 ఉండేవి. 1764లో పొట్టిగా ఉన్న వాటిని కలిపేసి 18కి కుదించారు. ఆ ఊరి పలుకుబడి వల్ల మిగతా ఊళ్లూ క్రమంగా అదే లెక్కకు వచ్చాయి. 18కి శాస్త్రమేమీ లేదు.

సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సు ఈనాటికీ రూపకర్తలకు పాఠ్యపుస్తకం. పోయే దారీ వచ్చే దారీ ఒకే పట్టీలో సాగుతాయి కాబట్టి అక్కడ ఏడు గ్రీన్లను (గుంట చుట్టూ నున్నగా కోసిన పచ్చికలను) రెండేసి హోల్స్ పంచుకుంటాయి. అలా కలిసిన హోల్స్ నంబర్లను కూడితే ప్రతిసారీ 18 వస్తుంది: రెండోదీ పదహారోదీ, మూడోదీ పదిహేనోదీ, అలా. 1865 నుంచి 1903 దాకా దాని సంరక్షణ చూసిన టామ్ మోరిస్ ముళ్లపొదలు కొట్టించి దారిని వెడల్పు చేశాడు, గ్రీన్ల మీద ఇసుక చల్లి గడ్డిని చిక్కబరిచే పద్ధతిని అలవాటు చేశాడు. అసలు పాఠం ఆ వెడల్పులోనే ఉంది. బంతి కొట్టడానికి బోలెడంత చోటుంటుంది. కానీ ఏ పక్కకు కొడితే తర్వాతి దెబ్బ సులువవుతుందో ఆటగాడే తేల్చుకోవాలి. అందరికీ దారి ఉంటుంది, మంచి దారి మాత్రం తెలిసినవాడికే దొరుకుతుంది.

ఆట తీరం దాటి లోతట్టు భూములకు రావడానికి మూడు వస్తువులు తోడయ్యాయి. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం కనిపెట్టాక గొర్రెల మంద అవసరం తప్పింది. 1848లో వచ్చిన గట్టాపెర్చా జిగురు బంతి, ఈకలు కుక్కిన పాత తోలు బంతికంటే చాలా చవక. దాంతో ఆట సామాన్యులకూ అందింది. మూడోది రైలు. లోతట్టున ఇసుక లేదు, దిబ్బల్లేవు. కాబట్టి వాటిని మనిషి చేయాల్సి వచ్చింది. తొలినాళ్లలో చేసినవి మహా మొరటుగా ఉండేవి: దారికి అడ్డంగా గోడలా కట్టిన మట్టి గట్టు, దాని ముందొక కాలువ. దెబ్బ సరిగా పడనివాడికి శిక్ష వేయడమే వాటి పని.

ఈ మొరటుతనానికి విరుగుడుగా పుట్టిందే ఇప్పుడు సంప్రదాయ రూపకల్పన అంటున్నది. అమెరికావాడైన చార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ 1870లలో సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకున్నాడు. బ్రిటన్‌లోని మేటి హోల్స్‌ను కొలిచి, ఒక్కోటి ఎందుకు బాగుందో తేల్చుకుని, ఆ సూత్రాలతో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో నేషనల్ గోల్ఫ్ లింక్స్ నిర్మించాడు. 1911లో అది లాంఛనంగా మొదలైంది. అతను తీసుకున్న నమూనాల్లో పేరుమోసినది రెడాన్. ఇది నార్త్ బెరిక్‌లోని పదిహేనో హోల్. క్రిమియా యుద్ధంలో, 1855 నాటి సెవస్తపోల్ ముట్టడిలో బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టిన కోట బురుజు పేరు దీనికి పెట్టారు. కోట గోడ నుంచి మొనదేలి ముందుకు పొడుచుకొచ్చే కట్టడాన్ని రెడాన్ అంటారు.

ఆ కోటవిద్య తెలంగాణలోని జగిత్యాలకు కూడా కొత్తది కాదు. 1747 ప్రాంతంలో ఇబ్రహీం ఖాన్ జఫరుద్దౌలా ఐరోపా పద్ధతిలో కట్టించిన జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం ఉంటుంది. దాని గోడలు వచ్చేవాడికి ముఖాముఖి నిలబడవు, ఓరగా ఉంటాయి. సూటిగా వచ్చినవాడు రెండు మొనల నడుమ ఇరుక్కుంటాడు. రెడాన్ గ్రీన్ కూడా అంతే. ఆటగాడికి ఓరగా, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి వాలుతూ పడుకుని ఉంటుంది. ఎడమ ముందు భాగాన లోతైన బంకర్ కాపలా కాస్తుంది. గుంటలోని జెండాకు గురిపెట్టి సూటిగా కొట్టాలంటే ఆ బంకర్ మీదుగా దాటించాలి. తెలివైనవాడు కుడివైపున నేల మీద బంతి వేస్తాడు, మిగతా పని వాలు చూసుకుంటుంది. దెబ్బలో బలం లేని ముసలివాడు కూడా ఇక్కడ కుర్రవాడిని ఓడించగలడు. సంప్రదాయ రూపకల్పన గొప్పతనం అర్థం కావాలంటే ఈ ఒక్క హోల్ చాలు.

ఈ విద్యను సూత్రాల్లో పెట్టినవాడు అలిస్టర్ మెకంజీ. వైద్యుడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లి, అక్కడి రైతు సైనికులు తమ కందకాలను చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయేలా తవ్వడం గమనించాడు. మనిషి చేసినది మనిషి చేసినట్టు కనబడకూడదన్న సంగతి అతనికి అక్కడే ఒంటబట్టింది. 1920లో వెలువడిన చిన్న పుస్తకంలో 13 సూత్రాలు చెప్పాడు. ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి (తొలి దెబ్బ కొట్టే చోటుకు) దూరం నడవనక్కర్లేకుండా ఉండాలి. నేలలో ఎత్తుపల్లాలు ఉండాలి కానీ కొండెక్కించకూడదు. ఏ రెండు హోల్సూ ఒకేలా ఉండకూడదు. పోయిన బంతి కోసం పొదల్లో వెతికే బెడద ఉండకూడదు. సాహసం చేసేవాడికి దగ్గరిదారి, చేయలేనివాడికి చుట్టుదారి ఉండాలి. చలికాలంలోనూ వేసవిలోనూ మైదానం ఒకేలా బాగుండాలి. అతను ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి రూపొందించిన అగస్టా నేషనల్ 1933లో లాంఛనంగా తెరుచుకున్నప్పుడు అందులో ఉన్న బంకర్లు 22 మాత్రమే.

అమెరికాలో డొనాల్డ్ రాస్ వంటివాళ్లు వందల మైదానాలు గీసిన ఆ కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 1930ల ఆర్థిక మాంద్యం, వెంటనే ప్రపంచయుద్ధం వచ్చిపడ్డాయి. ఖర్చు తగ్గించుకోవడానికి క్లబ్బులు బంకర్లు పూడ్చేశాయి, దూరపు గడ్డి కోయడం మానేశాయి. యుద్ధం తర్వాత డబ్బు వచ్చింది, అదీ మరో రకంగా చెరిచింది. కమిటీలు ఏటా మొక్కలు నాటించాయి. అవి చెట్లై వెడల్పాటి దారులను సందుల్లా మార్చాయి. నీళ్లు సమృద్ధిగా పెట్టడంతో నేల మెత్తబడి, దొర్లే బంతి పడినచోటే కూలబడసాగింది.

గ్రీన్లు కుంచించుకుపోయిన తీరు చూడదగ్గది. గ్రీన్ అంచు వెంట యంత్రం తిప్పే పనివాడు గీత దాటి బయటి పొడుగు గడ్డిని గీకితే మచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అర అంగుళం లోపలికి జరిగి కోస్తే ఎవరికీ తెలియదు. కాబట్టి ఎవడైనా లోపలికే జరుగుతాడు. నలభై ఏళ్లు ఇలా గడిచేసరికి మూలలు, నాలుకలు, వంపులు అన్నీ పొడుగు గడ్డిలో కలిసిపోయి, గ్రీన్ కోడిగుడ్డులా గుండ్రంగా మిగులుతుంది. బంకర్ వెనక జెండా పెట్టడానికి పనికొచ్చే చోట్లు సరిగ్గా ఆ మూలల్లోనే ఉండేవి. అవి పోయాక బంకర్ అక్కడే ఉన్నా దానికి పని ఉండదు.

అందుకే పాత మైదానాల పునరుద్ధరణలో కట్టేదానికంటే తీసేసేది ఎక్కువ. అమెరికాలో ప్రైవేటు క్లబ్బులు ఈ పనికి 1990ల నుంచి పూనుకున్నాయి. పిట్స్‌బర్గ్ దగ్గర ఓక్‌మాంట్ క్లబ్బు వేల చెట్లు కొట్టించింది. సభ్యులు గొడవ చేస్తారని మొదట్లో తెల్లవారకముందే కొట్టి, దుంగలు ఎత్తించి, పొట్టు కూడా మిగలకుండా ఊడ్పించేవారట. ఈ పనిలో అన్నిటికంటే కష్టం మట్టిపని కాదు, సభ్యులను ఒప్పించడమే. డెట్రాయిట్ శివార్లలోని ఓక్‌లాండ్ హిల్స్ కథ ఇంకో రకం. రాస్ గీసిన దాని దక్షిణ కోర్సును 1951 యూఎస్ ఓపెన్ పోటీ కోసం రూపకర్త రాబర్ట్ ట్రెంట్ జోన్స్ ఇరుకు చేసి, ఆటగాళ్లను భయపెట్టేలా తీర్చాడు. అప్పట్లో అందరూ ఆహా అన్నారు, దేశమంతా అనుకరించారు. డెబ్బై ఏళ్ల తర్వాత రూపకర్త గిల్ హాన్స్ వచ్చి అదంతా తీసేసి, రాస్ గీసిన వెడల్పును మళ్లీ బయటికి తెచ్చాడు. 2021లో ఆ కోర్సు తెరుచుకుంది.

పాత రూపు తెలుసుకునే పద్ధతి పురావస్తు తవ్వకానికి దగ్గరగా ఉంటుంది. నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ రెండో నంబరు కోర్సు క్లబ్బుది కాదు, విడిదిది. అయినా ఈ పద్ధతికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2010–11లో రూపకర్తలు బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అక్కడ పని చేసినప్పుడు 1943 నాటి విమాన ఛాయాచిత్రాలు దగ్గర పెట్టుకున్నారు. అవి చాలనిచోట భూమిలోని పాత నీటి గొట్టం సాక్ష్యం చెప్పింది. రాస్ కాలంలో ఫెయిర్‌వే (ఆట దారిలో పొట్టిగా కోసిన గడ్డి పట్టీ) నడిమధ్యన ఒకే వరుస గొట్టం వేసేవారు కాబట్టి, గొట్టం దొరికితే పాత దారి నడుమ ఎక్కడో తేలిపోతుంది. వాళ్లు 35 ఎకరాలకు పైగా పచ్చగడ్డి తొలగించి, సహజమైన ఇసుకనూ అడవి గడ్డినీ బయటపెట్టారు. స్ప్రింక్లర్లు సగానికి పైగా తగ్గాయి. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ పోటీలు వారం తేడాతో అక్కడే జరిగాయి. టీవీలో గోధుమరంగు మైదానం చూసి చాలామంది ముఖం చిట్లించారు కూడా. పచ్చదనమే అందమన్న అలవాటు అంత తొందరగా వదలదు.

ఈ ఆట భారతదేశానికి చాలా ముందే వచ్చింది. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల బయట అన్నిటికన్నా పాతది. బెంగళూరు క్లబ్బు 1876 నాటిది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు మైదానంలో మొగలుల కాలపు సమాధులు ఫెయిర్‌వేల పక్కనే ఉంటాయి. దాన్ని 1970లలో ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ తిరిగి తీర్చగా, 2019లో గ్యారీ ప్లేయర్ సంస్థ మరోసారి మార్చింది.

తెలుగు నేలలో అలాంటి చోటు గోల్కొండలోని నయాకిల్లా. 1656లో ఔరంగజేబు సైన్యం దాడి చేశాక, ఎదుటి గుట్ట శత్రువు చేతికి మళ్లీ చిక్కకూడదని అబ్దుల్లా కుతుబ్‌షా దాన్ని కలుపుకుంటూ కట్టించిన కొత్త ప్రాకారమిది. లోపల ముల్లా ఖయాలీ మసీదు, ఏనుగు కాళ్లలాంటి మాను ఉన్న ఆఫ్రికా బావోబాబ్ చెట్టు, పాత కుంటలు ఉన్నాయి. వాటి మధ్యనే హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ 18 హోల్స్ మైదానం విస్తరించింది. దేశంలోని వృత్తి ఆటగాళ్లు గోల్కొండ మాస్టర్స్ పోటీ ఆడేది ఇక్కడే. కుంటల తీరు మారిందని, కట్టడాల దగ్గర తవ్వారని వారసత్వ పరిరక్షకులు అభ్యంతరాలు చెప్పారు. వివాదం హైకోర్టుకెక్కింది. ఉన్న నేలను చెరపకూడదన్న మెకంజీ తరం సూత్రం ఇలాంటిచోట అభిరుచి సంగతి కాదు, చట్టం సంగతి. నగరంలోనే గచ్చిబౌలి వైపు ఉన్న బౌల్డర్ హిల్స్‌కు ఆ చిక్కు లేదు. పీటర్ హరాడైన్ దాన్ని గీసినప్పుడు దక్కన్ బండరాళ్లను ఉన్నచోటనే ఉంచి దారులు వాటి పక్కగా తిప్పాడు.

మన దగ్గర సంప్రదాయ సూత్రాలకు అసలు పరీక్ష పెట్టేది వాన. రెడాన్ లాంటి హోల్ ఆడాలంటే నేల గట్టిగా ఉండి బంతి దొర్లాలి. ఎర్ర చెలక అయితే నీరు ఇంకిపోతుంది. నల్లరేగడి అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉబ్బి బురదగా ఉంటుంది, వేసవిలో పగుళ్లిస్తుంది. అక్కడ పైన ఇసుక పొర పరచక తప్పదు. గ్రీన్ల కింద అడుగున గొట్టాలు, వాటిపై నాలుగంగుళాల కంకర, దాని మీద పన్నెండంగుళాల ఇసుక మిశ్రమం వేసే విధానం 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం ప్రచురించినది. గడ్డి మాత్రం మన గరికే. రైతు చేలోంచి పీకి గట్టున పారేసే ఆ గరికను ఆఫ్రికా జాతి గరికతో సంకరం చేసి, జార్జియాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ రకరకాల టిఫ్ వంగడాలు తెచ్చాడు. వేడి దేశాల మైదానాలు చాలావరకు వాటితోనే పచ్చగా ఉన్నాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు ఈ ఆటతో చుట్టరికం గల్ఫ్ దారిన కలిసింది. 1970ల నుంచి అక్కడికి పోయిన పాత కరీంనగర్ జిల్లా జనం ఇళ్ల నిర్మాణంలో, బల్దియా పనుల్లో, తోటపనిలో కుదిరారు. అప్పట్లో గల్ఫ్ గోల్ఫ్ ఇసుకలోనే. గ్రీన్లకు బదులు ఇసుకకు నూనె కలిపి రోలరుతో తొక్కించిన బ్రౌన్లు ఉండేవి. ఆటగాడు కృత్రిమ గడ్డి ముక్కను చంకలో పెట్టుకుని తిరుగుతూ, ఫెయిర్‌వేలో ప్రతి దెబ్బకూ దాన్ని బంతి కింద పరుచుకునేవాడు. 1988లో దుబాయిలో కార్ల్ లిట్టెన్ గీసిన ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్బు మజ్లిస్ కోర్సు ఆ ప్రాంతంలో పూర్తిగా పచ్చిక పరిచిన తొలి మైదానం. దోహా, అబూధాబీల్లో హరాడైన్ మైదానాలు ఆ తర్వాత వచ్చాయి. ఇవి స్కాట్లాండు తీరానికి పూర్తిగా తలకిందులు. దిబ్బ, వంపు, పచ్చిక, చెట్టు, చెరువు అన్నీ తెచ్చి పెట్టినవే. ఒక్క ఇసుక మాత్రం అక్కడిది. శుద్ధిచేసిన మురుగునీటినే చాలాచోట్ల గడ్డికి పారిస్తారు, ఉప్పునీటిని ఓర్చుకునే పాస్పాలం గడ్డి వేస్తారు. అక్కడా ఇప్పుడు కొత్త కోర్సుల్లో తడిపే పచ్చిక తగ్గించి, పక్కలను ఎడారి పొదలకు వదిలేస్తున్నారు. అందుకు కారణం మెకంజీ పుస్తకం కంటే నీటి బిల్లే ఎక్కువ.